పాలసీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న అమ్మానాన్నల కోసం రాసిన పేజీ ఇది. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు గుర్తురాక, ఇంటికొచ్చాక రాత్రి బిడ్డ సీసా కోసం ఏడుస్తున్నప్పుడు తన్నుకొచ్చే సందేహాలే ఇందులో ఎక్కువ. ముందుగా ఒక మాట. సీసా మాన్పించడమంటే పాలు మాన్పించడం కాదు. పాలు ఉంటాయి, తాగే పద్ధతి మారుతుంది. ఈ తేడా ఇంట్లో అందరికీ అర్థమైతే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అసలు ఏ వయసులో సీసా మాన్పించాలి?

ఏడాది నిండగానే మొదలుపెట్టి ఏడాదిన్నరకల్లా పూర్తిగా ఆపేయాలి. పిల్లల డాక్టర్లు, పిల్లల దంతవైద్యులు చెప్పే వయసు ఇదే. గ్లాసును మాత్రం ఇంకా ముందే, ఆరు నెలలు నిండి అన్నం ముట్టించిన రోజుల నుంచే చూపించొచ్చు. ఆరేడు నెలల బిడ్డ కూడా మనం గ్లాసు పట్టుకుంటే అంచు మీద పెదవి ఆనించి గుటకేస్తుంది.

పెద్దయ్యాక తనే మానేస్తుందిలే అని వదిలేసేవాళ్లు చాలామంది. ఆలస్యం చేసినకొద్దీ పని కష్టమవుతుంది. ఏడాది పిల్లకి కొత్త వస్తువు ఏది కనిపించినా నోట్లో పెట్టుకుని చూడాలనిపిస్తుంది, ఆ ఆసక్తి మనకి సాయపడుతుంది. రెండేళ్లు దాటితే "నాది", "వద్దు" అనే మాటలు వచ్చేస్తాయి, సీసా పేరు పెట్టి మరీ అడుగుతుంది. మూడేళ్ల పిల్లలకి మాన్పించలేమని కాదు, కాకపోతే అప్పుడు మొండిపట్టుతో కూడా వేగాలి.

ఏడాది దాటాక కూడా సీసాతో తాగితే ఏమవుతుంది? మా పెద్దాడు మూడేళ్ల దాకా తాగాడు, బాగానే ఉన్నాడు కదా?

అన్నిటికంటే పెద్ద నష్టం బయటికి కనిపించదు: రక్తహీనత. సీసా అయితే బిడ్డ ఎంత తాగుతోందో లెక్క ఉండదు. పడుకుని, ఆడుకుంటూ, టీవీ చూస్తూ తాగేస్తుంది. పెద్ద సీసా 250 మి.లీ. పడుతుంది. రోజుకి నాలుగు సీసాలంటే లీటరు పాలు. ఒక లీటరు ఆవుపాలలో 600 కేలరీలకు పైనే ఉంటాయి. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజు మొత్తానికి కావలసినవి సుమారు 1,100 కేలరీలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే సగానికి పైగా కడుపు పాలతోనే నిండిపోతుంది. ఇక పప్పన్నం ముద్ద పెడితే మొహం తిప్పేసుకోదా మరి? "మా పాప అసలు అన్నం తినదు, పాల మీదే బతుకుతోంది" అని చెప్పే చాలా ఇళ్లలో జరుగుతున్నది తలకిందులుగా ఉంటుంది. తినకపోవడం వల్ల పాలు పట్టడం లేదు, పాలు పట్టడం వల్ల తినడం లేదు.

పాలలో కాల్షియం పుష్కలం, ఇనుము మాత్రం చాలా తక్కువ. పైగా పాలలో ఉండే కాల్షియం, కేసీన్ అనే ప్రొటీన్ వేరే తిండిలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. అన్నిటికీ సీసాయే కారణమని అనను, కానీ పాలతో కడుపు నింపేయడం అందులో ఒక కారణం. మన చేతిలో ఉన్న కారణం.

రెండోది పళ్లు. సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పాలు పైపళ్ల చుట్టూ నిలిచిపోతాయి. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కాబట్టి కడిగేది ఏమీ ఉండదు. కింది పళ్లకి నాలుక అడ్డం ఉంటుంది, అందుకే ముందు పాడయ్యేవి పైన ముందరి నాలుగు పళ్లు. ఒకసారి పెదవి పైకెత్తి, వెలుతురులో చూడండి. చిగురు పక్కన సున్నం గీసినట్టు తెల్లటి గీత ఉంటే అది పుచ్చుకి మొదటి గుర్తు. ఆ దశలో దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆపొచ్చు. గోధుమరంగుకి తిరిగి పన్ను విరగడం మొదలైతే ఆ చిన్న ప్రాణానికి చాలా నొప్పి. పాలపళ్లే కదా ఊడిపోతాయి అనుకోకండి. వాటితోనే అయిదారేళ్లు నమలాలి, వాటి చోటులోనే శాశ్వత దంతాలు రావాలి.

ఇక వెల్లకిలా పడుకుని తాగే పిల్లలకి చెవిపోటు, చీము ఎక్కువగా వస్తాయి. గొంతు నుంచి చెవికి వెళ్లే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉండటమే కారణం.

మీ పెద్దాడు బాగుండటం సంతోషం. అయితే అప్పుడు రక్తపరీక్ష చేయించి ఉండరు, పళ్లు చూపించి ఉండరు. చిన్నదానికి ముందే జాగ్రత్తపడితే మంచిదే కదా.

ఒక్కసారిగా ఆపేయాలా, మెల్లగా తగ్గించాలా?

రెండూ పనిచేస్తాయి. ఏడాది లోపు మొదలుపెట్టినవాళ్లకి, సీసాని అంతగా పట్టించుకోని పిల్లలకి ఒక్కరోజులో ఆపేసినా ఇబ్బంది ఉండదు. సీసా లేనిదే నిద్రపోని పిల్లలకి మెల్లగా తగ్గించడమే నయం.

మెల్లగా అంటే ఒక్కో పూట సీసా తీసేస్తూ రావడం. మధ్యాహ్నం సీసాతో మొదలుపెట్టండి. ఆ పూట బిడ్డకి ఆటలుంటాయి, అన్నం తిని ఉంటుంది, దాని మీద మమకారం తక్కువ. నాలుగైదు రోజులు ఆ పూట గ్లాసే ఇవ్వండి. తర్వాత సాయంత్రం సీసా, ఆ తర్వాత పొద్దున్నే లేవగానే ఇచ్చేది. అన్నిటికంటే చివర రాత్రి సీసా. ఇలా చేస్తే మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. ఒక పూట తీసేశాక ఎంత ఏడ్చినా మళ్లీ ఇవ్వకూడదు. రెండు రోజులు ఆపి మూడో రోజు ఇస్తే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే వస్తుందని బిడ్డ నేర్చుకుంటుంది.

ఏ గ్లాసు కొనాలి? సిప్పర్ మంచిదా, స్ట్రా ఉన్నది మంచిదా?

కొనాల్సిన పనే లేదు. మీ ఇంట్లో కాఫీ తాగే చిన్న స్టీలు గ్లాసు చాలు. అంచు మందంగా, గుండ్రంగా ఒంపు తిరిగి ఉండాలి, గీసుకునేలా ఉండకూడదు. బారసాలకి ఎవరో ఇచ్చిన వెండి గ్లాసు బీరువాలో ఉంటే తీయండి, అది వాడటానికే ఇచ్చారు. రాగి గ్లాసు, కళాయి లేని ఇత్తడి గ్లాసు మాత్రం పాలకి, పెరుగుకి, మజ్జిగకి పనికిరావు.

ముక్కు ఉన్న సిప్పర్ల మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. కిందపడినా చుక్క ఒలకకుండా ఉండాలని లోపల వాల్వు పెడతారు. దాంట్లోంచి పాలు రావాలంటే బిడ్డ సీసాని చీకినట్టే చీకాలి. అంటే చేతిలో వస్తువు మారింది, అలవాటు మారలేదు. రోజంతా మెడలో వేసుకుని తిరుగుతూ తాగితే పళ్లకి అదే నష్టం. ప్రయాణంలో అవసరం అనుకుంటే స్ట్రా ఉన్నది నయం, కానీ స్ట్రా లోపల పాలు అంటుకుని బూజు పట్టకుండా సన్న బ్రష్‌తో ప్రతిసారీ కడగాలి. చాలామంది స్ట్రా బయట కడిగి ఊరుకుంటారు. మీ దగ్గరున్న సిప్పర్ వాల్వు ఒకసారి విప్పి చూడండి.

గ్లాసుతో తాగడం ఎలా నేర్పాలి? పోస్తే సగం మెడ మీద కారిపోతోంది.

కారుతుంది. మొదటి రెండు వారాలు కారడం పాఠంలో భాగమే. మెడ చుట్టూ తువ్వాలు కట్టి నిశ్చింతగా మొదలుపెట్టండి.

ముందు పాలతో కాదు, నీళ్లతో. రెండు మూడు చెంచాల నీళ్లు మాత్రమే గ్లాసులో పోయండి. బిడ్డని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి, తల వెనక్కి వాలకూడదు. గ్లాసు అంచు కింది పెదవి మీద ఆనించండి. నీళ్లు పై పెదవిని తాకేదాకా మాత్రమే గ్లాసు వంచి, అక్కడ ఆపండి. నోట్లోకి మీరు పోయకూడదు. బిడ్డే పెదవి కదిపి లోపలికి లాక్కోవాలి. మొదట నాలుకతో నాకుతుంది, తర్వాత అంచు కొరుకుతుంది, కొంచెం గుటకేసి మిగతాది ఉమ్మేస్తుంది. ఒక గుటకయ్యాక గ్లాసు దించి మింగనివ్వండి. మింగిందని గొంతు కదలిక చూస్తే తెలుస్తుంది. అప్పుడు మళ్లీ. గబగబా వంచితే పొలమారుతుంది, పొలమారితే గ్లాసంటేనే భయపడుతుంది. తొందరపడితే పోయేది అక్కడే.

ఇలా రోజుకి రెండు మూడు సార్లు, ఆకలి మరీ ఎక్కువగా లేని వేళల్లో. కడుపు కాలుతున్నప్పుడు కొత్త విద్య ఎవరికీ ఎక్కదు. ఏడాది దాటిన పిల్లలు రెండు చేతులతో గ్లాసు పట్టుకుంటామంటారు, పట్టుకోనివ్వండి, మీ చెయ్యి కింద ఉంచండి. స్నానం చేయించేటప్పుడు ఖాళీ గ్లాసు ఇస్తే నీళ్లు ముంచి పోసుకుంటూ గ్లాసు ఎంత వంచితే ఎన్ని పడతాయో వాళ్లే తెలుసుకుంటారు. దానికంటే మంచి సాధన లేదు. కాకపోతే ఆ నీళ్లు తాగనివ్వకండి.

అందరూ కలిసి కూర్చున్నప్పుడు మీ గ్లాసు పక్కనే దాని గ్లాసు పెట్టండి. మీరు మజ్జిగ తాగితే అదీ తాగుతుంది. మా చెల్లెలి కూతురు సీసా తప్ప దేన్నీ ముట్టని పిల్ల. తాతయ్య పొద్దున్నే గ్లాసులో పాలు తాగి పై పెదవి మీద నురగ అలాగే ఉంచుకుని చూపించేవారు. ఆ నురగ మీసం కోసం తనూ గ్లాసు అందుకుంది.

గ్లాసుతో నీళ్లు తాగుతాడు, పాలు పోస్తే మాత్రం తోసేస్తాడు. ఎందుకు?

పాలంటే సీసా, సీసా అంటే పాలు అని వాడి లెక్క. మెల్లగా ఆ ముడి విప్పాలి. మజ్జిగతో మొదలుపెట్టండి. తర్వాత గ్లాసులో రెండు గుటకల పాలు, సీసాలో ఎంత వేడిగా ఇస్తారో అంతే గోరువెచ్చగా. ఆ తేడాకే తోసేసే పిల్లలున్నారు. సీసాతో ఎప్పుడూ తాగని చోట ఇవ్వండి: వంటింటి గుమ్మం దగ్గర, వరండాలో, బాల్కనీలో. మంచం మీద ఇస్తే సీసానే గుర్తొస్తుంది. నాలుగు రోజులు వద్దంటే ఊరుకుని పెరుగు పెట్టండి, మళ్లీ అయిదో రోజు ప్రయత్నించండి. బలవంతంగా నోట్లో పోయడం వద్దేవద్దు.

రాత్రి సీసా లేకపోతే నిద్రే పోదు. ఏం చేయాలి?

అందరికీ చివరికి మిగిలేది ఇదే. ఇక్కడ సీసా ఆకలి తీర్చడం లేదు, జోకొడుతోంది. కాబట్టి పాలని, నిద్రని విడదీయాలి.

ఒక వారం పాటు ముందుగా చోటూ వేళా మార్చండి. రాత్రి అన్నం అయ్యాక, పడుకోవడానికి అరగంట ముందు, హాల్లో లైటు వేసి ఉండగా, కూర్చోబెట్టి పాలు ఇవ్వండి. మొదట్లో సీసాతోనే ఇచ్చినా సరే, పడకగదిలోకి మాత్రం సీసా రాకూడదు. తాగాక పళ్లు తోమండి. మూడేళ్ల లోపు పిల్లలకి పేస్టు బియ్యపుగింజంత చాలు. తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. తర్వాత గదిలోకి తీసుకెళ్లి లైటు ఆపి, ఒళ్లో వేసుకుని జోకొట్టండి, పాట పాడండి, కథ చెప్పండి. ఏది చేసినా రోజూ అదే వరసలో చేయండి. పట్టుకుని పడుకోవడానికి అమ్మ పాత చీర ముక్కో మెత్తటి బొమ్మో ఇస్తే చేతికి పని ఉంటుంది. సీసా బదులు తేనెపీక మాత్రం ఇవ్వకండి, రేపు దాన్ని మాన్పించడానికి మళ్లీ ఇంత తతంగం చేయాలి.

రెండో వారం నుంచి సీసాలో పాలు తగ్గిస్తూ రండి. రెండు మూడు రోజులకోసారి 30 మి.లీ. చొప్పున తగ్గించి, ఆ తగ్గించింది గ్లాసులో ఇవ్వండి. సీసాలో 60 మి.లీ.కి వచ్చాక ఇక ఆపేయొచ్చు. కొందరు నీళ్లు కలుపుతూ పోయి చివరికి ఉత్త నీళ్ల సీసా ఇస్తారు. పళ్లకి అది మేలే, కానీ నోట్లో సీసా పెట్టుకుని పడుకునే అలవాటు అలాగే ఉండిపోతుంది. నేనైతే పాలు తగ్గించే పద్ధతే చెప్తాను.

ఆపేసిన మొదటి రెండు మూడు రాత్రులు ఏడుపు తప్పదు. పక్కన మీరున్నారు, వీపు నిమురుతున్నారు, కడుపు నిండి ఉంది. అలాంటప్పుడు ఏడిస్తే బిడ్డకి ప్రమాదమేమీ లేదు. ఆ రాత్రుల్లో సీసా ఇచ్చే అలవాటున్న మనిషి కాకుండా మరొకరు పడుకోబెడితే తొందరగా సర్దుకుంటుంది. చాలా ఇళ్లలో ఇది నాన్న చేయాల్సిన పని. సెలవు పెట్టి అయినా చేయండి.

అర్ధరాత్రి రెండు సార్లు లేచి పాలు అడుగుతున్నాడు. ఆకలేస్తోందేమో కదా?

ఏడాది దాటిన, బరువు బాగా పెరుగుతున్న పిల్లలకి రాత్రంతా పాలు లేకపోయినా ఇబ్బంది లేదు. రాత్రి తాగే పాల వల్లే పొద్దున ఆకలి ఉండదు, పొద్దున తినకపోవడం వల్ల రాత్రి లేస్తారు. లేచినప్పుడు గ్లాసుతో రెండు గుటకల నీళ్లు ఇచ్చి జోకొట్టండి. పగలు తిండి పెరిగేకొద్దీ రాత్రి మెలకువలు తగ్గుతాయి. బరువు తక్కువగా ఉన్నా, నెలలు నిండకుండా పుట్టినా డాక్టర్‌ని అడిగాకే రాత్రి పాలు ఆపండి.

సీసా మానేశాక పాలు సగానికి తగ్గిపోయాయి. బలం ఎలా వస్తుంది?

తగ్గాలి కూడా. ఈ వయసులో రోజుకి 400 మి.లీ. దాకా పాలు చాలు, అర లీటరు దాటకూడదు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజుకి 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. వంద మి.లీ. పాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. రెండు చిన్న గ్లాసుల పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, అప్పుడప్పుడు రాగి సంగటో జావో, నువ్వులపొడి చల్లిన ముద్దో ఉంటే ఆ లెక్క సరిపోతుంది. పెరుగు కూడా పాలే. పాలు తాగకుండా కప్పు పెరుగు తింటే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడకండి.

ఇనుము సంగతి చూడాల్సింది ఇప్పుడే. రోజుకి 8 మిల్లీగ్రాములు కావాలి, అది పాలతో రాదు. ఆకుకూర పప్పు, గుడ్డు, వారానికి రెండు మూడు సార్లు మెత్తగా ఉడికించిన మాంసమో కాలేయమో చేపో, మాంసం తినని ఇళ్లలో శనగలు, పెసలు, రాజ్మా. వాటి మీద నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే పాలు ఇవ్వకండి, గంటన్నర రెండు గంటలు ఆగండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఇంట్లో ఉంటే మూలన పడేయకుండా గిన్నెలో కలిపి చెంచాతో పెట్టండి.

రెండేళ్ల లోపు పిల్లలకి వెన్న తీసిన పాలు వద్దు. ప్యాకెట్ పాలలో టోన్డ్‌కి 3 శాతం, స్టాండర్డైజ్డ్‌కి 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌కి 6 శాతం వెన్న ఉంటుంది. అరగవేమోనని సగానికి సగం నీళ్లు కలపడం మన ఇళ్లలో బాగా ఉంది. ఏడాది దాటిన బిడ్డకి ఆ అవసరం లేదు, పాలు కాచి అలాగే ఇవ్వండి.

రాగి జావ, సెరెలాక్ సీసాలోనే పోసి ఇస్తున్నాం. పీక చిల్లు కొంచెం పెద్దది చేశాం. పర్లేదా?

దయచేసి ఈరోజే ఆపండి. సూది కాల్చి పీకకి చిల్లు పెద్దది చేయడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అలా చేస్తే చిక్కటి జావ ఒక్కసారిగా గొంతులో పడి పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్లొచ్చు. అదీకాక తిండిని నాలుక మీద తిప్పడం, నమలడం బిడ్డ నేర్చుకోదు. రెండేళ్లొచ్చినా అన్నం మిక్సీ పట్టి పెట్టాల్సి వస్తోందని బాధపడే అమ్మల్లో చాలామంది పిల్లలు మొదటి నుంచీ జావ సీసాతో తాగినవాళ్లే. జావ గిన్నెలో, చెంచాతో. పావుగంట ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

పంచదారో బూస్టో కలిపితే గ్లాసుతో తాగుతుంది. కలపనా?

వద్దు. రెండేళ్ల లోపు పిల్లలకి పంచదార గానీ, బెల్లం గానీ, పటికబెల్లం గానీ అలవాటు చేయకపోవడమే మంచిది. ఇవాళ గ్లాసు కోసం కలిపితే రేపు అది లేకుండా ముట్టదు. యాలకుల పొడి చిటికెడు వేస్తే వాసనకి తాగే పిల్లలున్నారు. బాగా మగ్గిన అరటిపండు కలిపి చిక్కగా ఇచ్చినా సరే.

పీకకి వేపాకు ముద్దో కారమో రాస్తే మానేస్తారట కదా?

మానేస్తారేమో, కానీ భయంతో మానేస్తారు. కారం నోట్లో, కంట్లో పడితే చిన్నపిల్ల తట్టుకోలేదు. అమ్మ చేతిలోంచి వచ్చింది నోరు మండించిందంటే రేపు మీరు ఏం పెట్టినా అనుమానంగానే చూస్తుంది. సీసాని కాకి ఎత్తుకెళ్లిందని చెప్పే పద్ధతి కూడా ఉంది. రెండేళ్లు దాటిన పిల్లలకి నిజం చెప్పినా అర్థమవుతుంది: "నువ్వు పెద్దదానివయ్యావు, ఇక నీ గ్లాసు ఇదే, నాన్న గ్లాసు అదే." ఆ మాట పగలే, నవ్వుతూ, నాలుగైదు రోజుల ముందు నుంచి చెప్తూ ఉండండి. చెప్పిన రోజున సీసాలన్నీ కంటికి కనబడకుండా తీసేయండి. షెల్ఫులో కనిపిస్తూ ఉంటే బిడ్డకి మహా కష్టం.

మేం గ్లాసు అలవాటు చేస్తుంటే మా అత్తగారు జాలిపడి సీసా ఇచ్చేస్తున్నారు. ఎలా చెప్పాలి?

ఆవిడ బిడ్డ మీద ప్రేమతోనే ఇస్తున్నారు, ముందు అది గుర్తుపెట్టుకోండి. వద్దని చెప్పేకంటే పని అప్పగించడం మంచిది. "అత్తయ్యా, పొద్దున పాలు మీ చేత్తోనే పట్టించండి, మీ దగ్గరైతే బాగా తాగుతుంది" అనండి. మీ భర్తని ఉగ్గుగిన్నెతో పెంచింది ఆవిడే అయ్యుండొచ్చు, అడిగి చూడండి. ముక్కున్న ఆ చిన్న గిన్నెతో చుక్కచుక్కగా పాలు పట్టడం ఆ తరం ఆడవాళ్లకి చేతనైన విద్య, మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. పళ్ల మీద తెల్ల గీత గానీ, రక్తపరీక్ష కాగితం గానీ ఉంటే చూపించండి. డాక్టర్ దగ్గరికి ఒకసారి ఆవిడని కూడా తీసుకెళ్తే మీ నోటితో చెప్పాల్సిన మాటలు చాలా తగ్గుతాయి.

ఆయా దగ్గర, క్రెష్‌లో కూడా ఇదే నియమం చెప్పి, వాళ్లకి మీ గ్లాసు ఇచ్చి పంపండి. అమెరికాలోనో మరెక్కడో ఉంటూ అమ్మానాన్నల్ని ఇండియా నుంచి పిలిపించుకునేవాళ్లు, వాళ్లొచ్చిన మొదటి వారంలోనే మాన్పించడం మొదలుపెట్టకండి. బిడ్డ కొత్తవాళ్లకి అలవాటుపడ్డాక, ఇంటిల్లిపాదీ ఒక మాట మీదకి వచ్చాక మొదలుపెట్టండి.

జ్వరం, విరేచనాలు, ఊరి ప్రయాణం వస్తే?

ఒంట్లో బాగాలేనప్పుడు, ఇల్లు మారేటప్పుడు, టీకా వేయించిన రోజున కొత్తగా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే మానేసి ఉంటే జ్వరం వచ్చిందని మళ్లీ సీసా తీయొద్దు.

విరేచనాలప్పుడైతే సీసా జోలికి అసలు వెళ్లకండి. పీక లోపలి మడతల్లో, మూత మరలో చేరిన పాలజిడ్డు ఎంత కడిగినా పూర్తిగా పోదు, చాలా సార్లు ఆ విరేచనాలకి కారణం అదే. ఓఆర్‌ఎస్ గ్లాసుతో, చెంచాతోనే పట్టాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. రెండేళ్ల లోపు బిడ్డకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., నిమిషానికి ఒక చెంచా చొప్పున. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

బస్సులో, రైల్లో మూతున్న చిన్న స్టీలు సీసాలో నీళ్లు, విడిగా గ్లాసు పెట్టుకోండి. పాలు ఫ్లాస్కులో ఉంచి అక్కడికక్కడ గ్లాసులో పోయండి. మన ఎండల్లో సీసాలో కలిపిన పాలు రెండు గంటలు కూడా నిలవవు.

తమ్ముడు పుట్టాక పెద్దది మళ్లీ సీసా కావాలంటోంది.

కాన్పుకి రెండు మూడు నెలల ముందే మాన్పించేస్తే ఈ చిక్కు తక్కువ. కుదరకపోతే కాన్పయ్యాక రెండు నెలలు ఆగండి. మళ్లీ అడిగేది సీసా కోసం కాదు, ఒడి కోసం. చంటివాడికి పాలిచ్చేటప్పుడు దాన్ని పక్కన ఆనించుకుని, దాని గ్లాసు దాని చేతికివ్వండి.

తల్లిపాలు తాగే బిడ్డకి ఆఫీసుకి వెళ్లే ముందు సీసా అలవాటు చేయమంటున్నారు. తప్పదా?

తప్పనిసరేమీ కాదు. పిండి ఉంచిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టొచ్చు. ఆరు నెలలు దాటాక నేరుగా గ్లాసుకే వెళ్లిపోతే మాన్పించే బాధ ఎప్పటికీ ఉండదు. మన దేశంలో పాలసీసాల ప్రకటనలు వేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. శిశువుల ఆరోగ్యానికి సీసా చేసే చేటు ఎంతో తెలుసు కాబట్టే ఆ చట్టం చేశారు. గ్లాసు అలవాటు చేయడమంటే తల్లిపాలు ఆపడమని కాదు, రెండేళ్లు, ఆ పైన కూడా హాయిగా ఇవ్వొచ్చు.

ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలి?

ఎంత నెమ్మదిగా పట్టినా ప్రతి గుటకకీ దగ్గు వస్తుంటే, తాగాక గొంతు గరగరలాడుతుంటే, ముక్కులోంచి పాలు వస్తుంటే తప్పకుండా చూపించండి. అంగిలి చీలిక ఉన్న పిల్లలకి, కండరాల బిగుతు ఉన్న పిల్లలకి గ్లాసు మార్పు డాక్టర్ సలహా మీదే జరగాలి.

సీసా ఆపాక నీళ్లు కూడా ముట్టకుండా ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉచ్చ పోయకపోతే, నోరు పిడచకట్టి ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే అదే రోజు తీసుకెళ్లండి. పాలిపోయి ఉండటం, మట్టి, సుద్ద, గోడ పెచ్చులు తినడం, ఎప్పుడూ నీరసంగా చిరాగ్గా ఉండటం రక్తహీనతకి గుర్తులు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తారు, అవసరమైతే ఐరన్ చుక్కలు రాస్తారు. డాక్టర్ చెప్పకుండా చుక్కలు మీ అంతట మీరు వేయకండి. గట్టిగా మలబద్ధకం ఉన్నా ముందు రోజుకి ఎన్ని పాలు తాగుతోందో లెక్కపెట్టండి.

మానేశాక పాత సీసాలు దాచి ఉంచాలా? ఇంకొకరి బిడ్డకి ఇవ్వొచ్చా?

దాచొద్దు, ఇవ్వొద్దు. పీకలు వాడేకొద్దీ పగుళ్లు పట్టి, ముక్క ఊడి గొంతులో పడొచ్చు. పీకని అడ్డంగా కత్తిరించి చెత్తలో వేయండి. గాజు సీసాలైతే బాగా కాచి, ఆరబెట్టి పోపుగింజలు పోసుకోవచ్చు. ప్లాస్టిక్ సీసాలు పొడి చెత్తలో వేస్తే సరిపోతుంది.